తవుడుకి అమ్మిన పిల్లాడు

సముద్రం పక్క ఊళ్లో పుట్టినదాన్ని, నాకు వాన కొత్తా? గాలివానకి ఇంటి కప్పు లేచిపోతే మంచం కింద దూరి నవ్వుకున్న రోజులున్నాయి. అలాంటిదాన్ని కోరాపుట్ వాన చూసి బిత్తరపోయాను. అది పైనుంచి పడదు. తలుపు తీస్తే చాలు, పొగమంచై నేరుగా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుంది. జాడీలో ఉప్పు నీరైపోయింది. పెట్టెలో పట్టుచీర మడతలకి బూజు పట్టింది. పొయ్యి మీద దండెం కట్టి ఆరేసిన పిల్లాడి గుడ్డలకి పొగ వాసన పట్టిందే తప్ప తడి పోలేదు. ఆషాఢమాసంలో పసివాణ్ణి ఇలాంటి ఊరికి తీసుకొచ్చినందుకు పొద్దున లేచింది మొదలు మా ఆయన మీద విసుక్కుంటూనే ఉండేదాన్ని.

అప్పటికి ఒడిశా వేరే రాష్ట్రం కాలేదు. ఆ కొండలన్నీ విశాఖపట్నం ఏజెన్సీలోవే. మా ఆయనకి అక్కడి కచేరీలో గుమాస్తా పని ఇచ్చారు. సాలూరు దగ్గర ఘాటీ ఎక్కి, ఎడ్లబండిలో నడుములు విరగ్గొట్టుకుని, నేనూ మా అత్తగారూ చంటిపిల్లాడితో ఆ ఊళ్లో దిగాం. వాడికి ముందు పుట్టిన ఇద్దరూ నాకు దక్కలేదు. అందుకే వాడు తుమ్మితే చాలు, నేనూ అత్తగారూ ఒకేసారి లేచి కూర్చునేవాళ్లం. ఈ ఒక్కడైనా బతకాలి. మా ఇంట్లో అప్పట్లో ఇంకో కోరిక లేదు.

ఆ శనివారం కచేరీ మధ్యాహ్నానికే మూసేశారు. "పదండి, ఊరు చూపిస్తాను" అన్నారు మా ఆయన, ఆ ఊరు తనే కట్టించినట్టు. గొడుగులు వేసుకుని బయల్దేరాం. "అదిగో దొరగారి బంగళా" అని చెయ్యి చాపారు. చూస్తే తెల్లగా పొగమంచు. "ఇదిగో జైలు" అన్నారు. అదీ పొగమంచే. మిషను వాళ్ల చర్చి గంట వినబడింది గానీ చర్చి కనబడలేదు.

"కనబడని ఊరు సూపించడానికి మమ్మల్ని ఇలాగ తడిపీసేవేట్రా?" అన్నారు అత్తగారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుంటే నా మడమ మీద నల్లగా ఏదో వేలాడుతోంది. జలగ. నేను పెట్టిన కేకకి పిల్లాడు లేచి ఏడ్చాడు. అత్తగారు జలగ మీద గుప్పెడు చెమ్మ ఉప్పు వేసి, దాన్ని కాకుండా పిల్లాణ్ణి చూస్తూ నిలబడ్డారు. "ఈడికి తవుడు తంతు అవనేదు. ఈ ఊరు నాకు నచ్చనేదు. రేపే సేసీయాల" అన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పడుకోబెట్టి పరాయి ఆడమనిషికి గుప్పెడు తవుడుకి అమ్మేస్తారు. తల్లి వెనుదిరిగి నడవాలి. కొన్నావిడ పిలిచేదాకా తిరిగి చూడకూడదు. అప్పుడావిడ "నా బిడ్డని మీ ఇంట పెంచిపెట్టండి" అని వాణ్ణి అప్పగిస్తుంది. చావు వచ్చి ఆరా తీస్తే, వీడు ఈ ఇంటివాడు కాదని వెళ్లిపోవాలన్నమాట. మా ఊళ్లో అయితే ఈ కొనుగోలు మంత్రసాని చేస్తుంది. ఆవిడకి వంద తంతులు చేసిన అలవాటు.

"ఊరెళ్లాక చేయిద్దాం అత్తయ్యా, ఇక్కడ మనకెవరు తెలుసు?" అన్నాను.

"అందాకా ఆగమని ఎవులికి సెప్తావే?" అన్నారు ఆవిడ.

ఆదివారం సంత. వాన సన్నగా పడుతోంది. కొండల మీంచి దిగిన ఆడవాళ్లు ఆకులతో అల్లిన గిడుగులు నెత్తిన పెట్టుకుని అల్లం, పసుపు, చోళ్లు కుప్పలు పోసుకుని కూర్చున్నారు. మా ఆయన్ని బట్టల కొట్టు దగ్గరే ఆపేశారు అత్తగారు, మగవాళ్లు చూడకూడదని. అల్లం అమ్మే ఒకావిడ ముందు ఆగారు. వయసులో నాకంటే కాస్త పెద్ద. ముక్కుకి మూడు పోగులు, వీపున గుడ్డలో కట్టుకున్న ఏడాది పిల్ల. మా అత్తగారికి ఆవిడ భాష రాదు, ఆవిడకి మా తెలుగు రాదు. అయినా అత్తగారు చేట కింద పెట్టి, పిల్లాణ్ణి అందులో పడుకోబెట్టి, వాణ్ణీ ఆవిణ్ణీ చేత్తో చూపించారు. ఇంటినుంచి తెచ్చిన తవుడు ఆవిడ చేతిలో పోసి, అది వెలగా వెయ్యమన్నట్టు తన కొంగు చాపి పట్టారు. ఆవిడ తవుడుకేసి చూసింది, పిల్లాడికేసి చూసింది, చివరికి నాకేసి చాలాసేపు చూసింది.

నాకు ఏడుపొచ్చింది. తంతే అని తెలుసు. తెలిసీ ఏడ్చాను. ఆవిడ మెల్లిగా తవుడు అత్తగారి కొంగులో వేసింది.

"ఎనక్కి సూడకు" అని అత్తగారు నా రెక్క పట్టుకుని నడిపించారు. బట్టల కొట్టు చూరు దాకా వెళ్లామో లేదో, వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. సంతంతా లేచింది. బుట్టలు నెత్తిన పెట్టుకుని జనం తలోదిక్కూ పరుగెత్తుతున్నారు. నేను ఆ పిలుపు కోసం వింటున్నాను. పిలుపు రాలేదు. ఇక ఆగలేక తిరిగి చూశాను.

అల్లం కుప్ప లేదు. చేట లేదు. ఆవిడ లేదు. నా పిల్లాడు లేడు.

ఆ క్షణం గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది. ఆ బురదలో అల్లం కుప్ప ఉన్నచోట కూర్చుని నేలను చేతులతో తడుముతున్నానట. అది నాకు గుర్తులేదు, మా ఆయన తర్వాత చెప్పారు. ఆయన పోలీసు లైనుకి పరుగెత్తబోతుంటే, పక్కన నూనె డబ్బాలతో కూర్చున్న ఒక ముసలావిడ ఆయన చొక్కా పట్టుకుని ఆపింది. సాలూరు నుంచి వచ్చి చాలాకాలంగా అక్కడే నూనె అమ్ముకుంటున్న మనిషి.

"పోలీసులొద్దు బాబూ! ఆళ్లని సూసిందంటే అది కొండెక్కీసి అడివిలో దూరిపోతాది. మరి దొరకదు. ఆ మనిసిది కకిరిగుమ్మ దారిలో ఏదో కొండ. ఇంత వానలో ఇంకా ఊరు దాటుండదు. లెగు అమ్మీ, లెగు!"

అలా, ఆవిడ వెంట పరుగెడుతూ చూశాను నేను కోరాపుట్ ఊరు. కుండపోతకి పొగమంచు విడిపోయి, నిన్న కనబడనివన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. దొరగారి బంగళా వసారాలో వెతికాం. అంత పొడుగు వసారా, మనిషి లేదు. జైలు గోడ వారన చూశాం. చర్చి మెట్ల మీద గిడుగులు కనబడితే పరుగెత్తాను. దగ్గరికెళ్తే వేరేవాళ్లు. అత్తగారు చెప్పులు ఎక్కడో వదిలేసి, "నేనే సేసేను, నేనే సేసేను" అంటూ వెనక వస్తున్నారు. నాకు ఆవిడ మీద జాలి కలగలేదు. ఆవిడ నోరు మూస్తే బాగుండునని మాత్రం అనిపించింది.

కకిరిగుమ్మ పోయే బళ్లు ఆగే పాక ఊరి చివర ఉంది. లోపల మంట వేసుకుని కొండవాళ్లు కూర్చున్నారు. నిప్పు పక్కన అల్లం ఆవిడ, వీపున తన పిల్ల, ఒళ్లో మా వాడు. ఆవిడ రొమ్ము తాగుతూ హాయిగా కళ్లు మూసుకుని ఉన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది కూడా. వాడు కాసింతైనా ఏడుస్తూ ఉండకూడదా!

నేను చేతులు చాపాను. ఆవిడ వాణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. "మోర్ పిలా!" అంది. నా బిడ్డ అంటోందని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నూనె ఆవిడ మంట దగ్గర కూర్చుని కొండావిడ భాషలో మాట్లాడి, మాకు తెలుగులో చెప్పింది. "కొనుక్కున్నానంటన్నాది. ముసలమ్మ అమ్మింది, తల్లి ఏడిసింది, ఎనక్కి సూడకుండా ఎల్లిపోనాది. ఉత్తుత్తికి ఏ తల్లి ఏడుస్తాదీ, పాలు నేక ఇచ్చీసుంటాది అనుకుందట. ఇద్దరిని మోసుకుని కొండెలాగ ఎక్కడమా అని వాన తగ్గేదాకా కూకున్నానంటన్నాది."

వీపున ఒకతె ఉండగా, ఊరూ పేరూ తెలియని పిల్లాణ్ణి, చేతిలో పెట్టారు కదా అని ఆవిడ మోసుకుపోబోయింది. తిండికి ఏంచేద్దామనుకుందో దేవుడికే తెలియాలి.

మా పిల్లలు దక్కలేదని, అందుకే అమ్మామని ఆవిడకి చెప్పమన్నాను. చెప్పింది నూనె ఆవిడ. కొండావిడకి కోపం ముంచుకొచ్చింది, గొంతు పెంచి ఏదేదో తిట్టింది. పసిగుడ్డుని వానలో చేటలో పడేసి నడిచిపోయిన ఆడవాళ్లం మేం, తిట్టదూ మరి. తర్వాత నాకేసి తిరిగి ఏదో అడిగింది.

"ఎందరు పోనారు అని అడుగుతన్నాది" అంది నూనె ఆవిడ.

నేను రెండు వేళ్లు చూపించాను. ఆవిడ ఆ వేళ్లకేసి చూసింది. పిల్లాడి నోరు తుడిచి, లేచి వచ్చి నా చేతుల్లో పెట్టింది. పెడుతూ గట్టిగా, అందరికీ వినబడేలా ఒక మాట అంది. నూనె ఆవిడ తెలుగులో చెప్పేసరికి అత్తగారు నేల మీద కూలబడ్డారు.

"ఈడు నా బిడ్డే. మీ ఇంట్లో పెంచిపెట్టండి అంటన్నాది."

తంతులో ఆ మాట ఉందని నూనె ఆవిడకే తెలియదు. ఎవరూ చెప్పలేదు. తవుడు తిరిగి అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు, అత్తగారే తన కొంగు ముడి ఇంకాస్త బిగించుకున్నారు.

ఆ సాయంత్రం అత్తగారు పిల్లాడికి పసుపునీళ్లతో స్నానం చేయించారు, ఎవరి పాలు తాగాడో అని గొణుక్కుంటూ. మరుసటి ఆదివారం కొండావిడ మా గుమ్మం ముందు నిలబడి "మోర్ పిలా" అని అడిగితే నేను పిల్లాణ్ణి గబుక్కున చంకనేసుకున్నాను. చూసింది, బుగ్గ గిల్లింది, రెండు అల్లం కొమ్ములు పెట్టి వెళ్లిపోయింది. సంత జరిగిన ప్రతి ఆదివారం అంతే. మొదట్లో అత్తగారు గుమ్మం కడిగేవారు. తర్వాత కడగడం మానేశారు. ఆ తర్వాత చాప వేయడం మొదలుపెట్టారు.

మా వాడు నడక నేర్చాడు, మాటలు నేర్చాడు, రెండు చలిజ్వరాలు దాటాడు. ఒక వానాకాలం చివర మా ఆయనకి మైదానానికి బదిలీ అయింది. నేను ఎగిరి గంతేశాను. జాడీలో ఉప్పు ఉప్పుగానే ఉండే ఊరికి పోతున్నాం! ఆ రోజే పెట్టెలు సర్దేశాను, మర్నాడే బండి కట్టించమన్నాను. అత్తగారు మాత్రం తన మూట జోలికి పోలేదు.

"ఏం అత్తయ్యా, మీరు సర్దుకోరా?"

"ఆదివారం దాకా ఆగండి" అన్నారు.

"ఎందుకు?"

"ఎందుకేటే? పిల్లడిని ఊరు దాటించడానికి ఆళ్లమ్మని అడగొద్దేటి?"

వాణ్ణి కన్నదాన్ని నేను, ఆవిడ ఎదురుగానే నిలబడి ఉన్నాను. బండివాణ్ణి వెనక్కి పంపించి, ఆదివారం దాకా ఆగాం.