కాదనని ఊళ్లలో మా అన్నయ్య పరిశోధన

మా కోనసీమ వాళ్ల మర్యాద తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మర్యాదే మా అన్నయ్య కొంప ముంచింది.

ఎనభైల నాటి సంగతి. మాది అమలాపురం. నేను మిషన్ బడిలో టీచర్ని. అన్నయ్య యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆఫీసుల్లో సమాచారం ఎలా నడుస్తుంది, రేపు కంప్యూటర్లు వస్తే గుమాస్తాలు వాటిని రానిస్తారా అన్నది తన పరిశోధన. కంప్యూటర్ని మా వీధిలో ఎవరూ చూసి ఎరగరు. అయినా మా అబ్బాయి డాక్టరు కాబోతున్నాడని అమ్మ చర్చిలో అందరికీ ముందే చెప్పేసింది.

రైతులకు ఎరువులూ విత్తనాలూ ఇచ్చే సహకార సంఘాలను ఎంచుకున్నాడు. నాకు వేసవి సెలవులు కావడంతో తోడు వెళ్లాను. పలివెల, కాట్రేనికోన, ఇంకా లోపలి ఊళ్లు. ఎక్కడికి వెళ్లినా ముందు కొబ్బరి బొండాలు కొట్టించి ఇచ్చేవారు. ఆ తర్వాతే ప్రశ్నలు. కంప్యూటరు వస్తే మీకు సమ్మతమేనా? "ఆయ్." పని తేలికవుతుందంటారా? "ఆయ్, అవుద్దండి." భయమేమీ లేదు కదా? "అబ్బే, తమరు చెప్పేక భయమెందుకండీ." వెతుక్కుంటూ వచ్చిన చదువుకున్న అబ్బాయికి కాదని చెప్పడం మా వైపు ఎవరికీ చేతకాదు. అన్నయ్య మాత్రం పొంగిపోయాడు, వెర్రిబాగులవాడు.

ప్రొఫెసరుగారు ఆ కాగితాలు తిరగేసి, "ఇన్ని ఊళ్లలో కాదన్నవాడు ఒక్కడూ దొరకలేదా? ఇంట్లో కూర్చుని రాసుకొచ్చావా?" అన్నారట. మళ్లీ అడిగి రమ్మన్నారు. స్కాలర్‌షిప్పు ఆ ఏడాదితో ఆఖరు.

మళ్లీ బయల్దేరాం. ఈసారి అన్నయ్య దాచకుండా చెప్పాడు. ఇష్టం లేకపోతే లేదనండి, మనసులో ఉన్నదే చెప్పండి, లేకపోతే నా చదువు ఆగిపోతుంది అని. అది విని అందరూ తెగ బాధపడ్డారు. కొత్తపేట దగ్గర సొసైటీలో గుమాస్తాగా ఉన్న ఒక పెద్దాయన అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఎలా చెప్తే తమ చదువు గట్టెక్కుద్దో సెలవియ్యండి బాబూ, అలాగే చెప్తాం."

నాకు నవ్వొచ్చింది. పక్కకి చూస్తే అన్నయ్య కళ్లలో నీళ్లు.

"కొంతమంది కాదన్నారని నువ్వే రాసెయ్యి, ఎవరొచ్చి చూస్తారు?" అన్నాను దారిలో.

"అప్పుడు ప్రొఫెసరుగారు అన్న మాటే నిజమవుతుంది కదే" అన్నాడు.

ఈసారీ కాదన్నవాడు దొరకలేదు. గడువు దాటిపోయింది. మరుసటి ఏడు మస్కట్‌లో ఏదో గోడౌన్‌లో స్టోర్‌కీపరు ఉద్యోగానికి వెళ్లిపోయాడు. బస్సెక్కుతూ కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. ఆ తర్వాత మా ఇంట్లో డాక్టరు అన్న మాట ఎవరూ ఎత్తలేదు.

కొన్ని నెలలకు ఆ కొత్తపేట పెద్దాయన అరటిగెల భుజాన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అన్నయ్య చదువు ఆగిపోయిందని ఎవరో చెప్పారట. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ మిషనొస్తే నా పనుండదని అప్పుడే భయమేసిందండీ టీచరుగారూ. నిద్దర కూడా పట్టలేదు. బాబుగారు ఎండలో అంత దూరం వచ్చి అడిగితే, మీ మిషను మాకొద్దని ఎలా అంటానండీ? చిన్నబుచ్చుకోరా?"

ఈ ఒక్క మాట కోసమే అన్నయ్య రెండుసార్లు ఊళ్లన్నీ తిరిగాడు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుని, మంచినీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి, ఆశగా నా వైపు చూశాడు.

"ఇప్పుడు చెప్పేను కదండీ. ఈ మాట బాబుగారికి రాయండి. పనికొస్తుందాండీ?"

పనికొస్తుందండీ అన్నాను. ఆ ముఖం చూస్తూ కాదనలేకపోయాను.