ప్రేమ విందు అనే హోటలు

నేను రాసింది చదివి జనం కదలడం నా జన్మలో ఒక్కసారే జరిగింది. ఎటు కదిలారో చెబితే నవ్వుతారు. నవ్వండి, మా ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి అదే పనిలో ఉన్నారు.

ఎనభైల నాటి మాట. మాది పెనుబల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. నాకేమో రాతల పిచ్చి. ఒక వారపత్రిక ఎడిటరు గారు జాలిపడి, "ఖమ్మం పోయి పాత హోటళ్ల మీద రాసుకరా. మంచిగుంటే వారం వారం ఏస్త" అన్నారు. నాన్న మాత్రం, "ఇదొక్కటీ చూస్తా. తేలిపోయిందా, నోర్మూసుకుని మిరప కోతకు రా" అన్నాడు. అంటే నా భవిష్యత్తు మొత్తం ఖమ్మం ఇడ్లీల చేతిలో పడింది.

ఆదివారం పొద్దున్నే బస్సు దిగి మూడు హోటళ్లు తిరిగాను. ఒకచోట చల్లారిన పూరీ, ఒకచోట నీళ్ల చాయ్, ఇంకోచోట సర్వరు తిట్లు. ఉసూరుమంటూ ఒక సందు మలుపు తిరిగేసరికి గేటుకు గుడ్డ బ్యానరు: "ప్రేమ విందు. అందరూ రండి." లోపల షామియానా, భోజనాల బంతులు, కోడికూర ఘుమఘుమ. హోటలుకు ఎంత చక్కని పేరు పెట్టారో అనుకుంటూ దూరిపోయాను.

షామియానా వెనకున్న భవనం చూడలేదా అంటారా? కోడికూర ముందుంటే వెనకేముందో చూసే మనిషిని కాదు నేను.

ఒక పెద్దావిడ చేతులు జోడించి, "వందనాలు బిడ్డా, కూసో" అంది. ఏ హోటల్లోనూ నాకంత మర్యాద జరగలేదు. విస్తరి ముందు కూర్చుని నోట్‌బుక్కు తీశాను.

"ప్రేమగారంటే మీరేనా అమ్మా?"

"కాదు బిడ్డా, నా పేరు మార్తమ్మ."

అయినా నా బుర్రకెక్కలేదు.

"ఇది ఎప్పట్నుంచి నడుస్తోంది?"

"మా తాత కాలం సంది. అప్పుడు గడ్డి పాకుండె."

"రోజూ ఉంటుందా?"

"రోజేడుంటది! నెలకొక్కపారే, మొదటి ఆదివారం."

నెలకు ఒక్కరోజే తెరిచే హోటలు! ఇంత దర్జా ఇంకెక్కడా లేదని రాసుకున్నాను.

"మరి ఓనరు గారు?"

ఆవిడ గడ్డం పైకెత్తి, "అంతా ఆయనదే" అంది.

"మేడ మీద ఉంటారు" అని రాసుకున్నాను.

కూర రెండుసార్లు అడిగి వేయించుకున్నాను, మూడోసారి ఆవిడే వేసింది. బిల్లు అడిగితే, "బిల్లేంది? కడుపు నిండిందా లేదా?" అని నవ్వింది. పత్రికవాడినని పసిగట్టారనుకుని ఛాతీ పొంగించుకుని బయటికొచ్చాను.

"ఖమ్మంలో అన్నిటికన్నా పాత హోటలు" అంటూ సందు గుర్తులతో సహా వ్యాసం అచ్చయింది. నాన్న ఊరంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాతి మొదటి ఆదివారం దాటగానే ఎడిటరు గారు పిలిపించారు.

"ఏందయ్యా, చర్చిని పట్టుకుని హోటలని రాసినవా?"

"చర్చా!"

"అవ్! ఆరాధన అయినంక అందరు కలిసి తినే భోజనాన్నే ప్రేమ విందంటరు. నీ రాత చూసి నలభై మంది పోయిండ్రట. గిదో, పాస్టరు గారి ఉత్తరం."

సిగ్గుతో చచ్చిపోయాను. కళ్ల ముందు మిరప చేను ఎర్రగా కదిలింది. ఉత్తరం విప్పి చదివాను.

"అయ్యా, వందనాలు. మీ పాఠకులు తొమ్మిదికే వచ్చారు. వంట కాలేదు గనుక ఆరాధనలో కూర్చోమన్నాం. గంటన్నర ప్రసంగంలో ఒక్కరూ లేచి వెళ్లలేదు. నా సేవలో ఇదే మొదటిసారి. మావాళ్లు తమ వంతు తగ్గించుకుని అందరికీ వడ్డించారు. దయచేసి వచ్చే నెల కూడా రాయగలరు."

ఎడిటరు గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "వారం వారం రాయి గానీ, తిండి జోలికి మాత్రం పోకు" అన్నారు.

ఆ క్షణమే కుడిచేయి ఎత్తి ప్రతిజ్ఞ చేశాను: అంత ప్రేమగా వడ్డించే చోటు ఎక్కడ కనబడినా, చచ్చినా అది హోటలని రాయను.