లేవని మనిషి సినిమా

ఏ సినిమా తెచ్చినా ఆమె ముందు చివరి పది నిమిషాలే చూస్తుంది. కథ మీద ఆత్రం కాదు. మంచాన పడ్డ మనిషి శుభం కార్డు పడేలోపు లేచి నడుస్తాడా లేదా అన్నది తేల్చుకోవాలి. నడిచాడా, ఆ సినిమా వాళ్ళింట్లో ఆడదు.

ఆమె పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దస్తమానం తడి దుప్పట్లను వేడి రోలర్ల కిందికి తోసి, అవతల వైపు ముడత లేకుండా మడత పెట్టడమే పని. ఇంటికొచ్చినా ముడతలతోనే కాపురం. భర్త పక్క మీద దుప్పటి ముడత పడితే ఆయన ఒంటి మీద పుండు పడుతుంది. ఆయన గోడలకు రంగులేసే మేస్త్రీ. రెండేళ్ళ క్రితం నిచ్చెన మీంచి జారాడు, నడుము కింద చచ్చుబడింది. రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలి, రాత్రిళ్ళు కూడా. ఈ రెండేళ్ళలో ఆమె కంటినిండా నిద్రపోయింది లేదు.

మొదటి ఏడాది చర్చి సంఘమంతా మంచం చుట్టూ చేరి ప్రార్థన చేసింది. అందరికంటే గట్టిగా ఆయనే చేశాడు. రెండో ఏడు సంఘం పలచబడింది, ఆయన పూర్తిగా మానేశాడు. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థిస్తుంటే, పైకప్పు మూల రంగు సరిగా అంటలేదని వంకలు పెట్టేవాడు. నడుము పడిపోయినా నాలుక పడిపోలేదని ఆమె విసుక్కునేది గానీ, లోపల బెంగే. కాళ్ళు పోయాయంటే ఎలాగో సర్దుకుంది. దేవుడు కూడా ఆ ఇంట్లోంచి వెళ్ళిపోతే, రేపటి నుంచి ఈ బరువు ఎవరిని నమ్ముకుని మోయాలో ఆమెకు తెలియదు. ప్రసంగమంటే మొహం తిప్పుకునే మనిషి సినిమా అంటే కాదనడు కదా అని, ఆదివారం మధ్యాహ్నాలు భక్తి సినిమాలు పెట్టడం మొదలుపెట్టింది.

మొట్టమొదటి సినిమాలోనే మంచాన పడ్డవాడు లేచి, వానలో పిల్లాణ్ణి ఎత్తుకుని పరుగెత్తాడు. ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు ఆమె గంజి అందిస్తే గిన్నె పక్కకు నెట్టాడు.

"క్లాసంతా పాసై నేనొక్కణ్ణే తప్పినట్టుంది. లేవకుండానే దేవుణ్ణి నమ్ముకున్నోడు ఒక్కడుంటే చూపించు. అది చూస్తా."

అది మొదలు వేటే వేట. ఒక సినిమాలో పోయిన చూపొస్తుంది, ఒకదాంట్లో పోయిన ఉద్యోగమొస్తుంది, ఇంకోదాంట్లో ఓడిపోయే జట్టు ఆఖరి నిమిషంలో గెలుస్తుంది. తాగుబోతు ఒక్క పాటతో బాగుపడతాడు. భార్యాభర్తలు మాట్లాడుకోరు, ఒకరికొకరు ప్రసంగాలు చెప్పుకుంటారు. కథ రాసేవాడు మనవాడైతే ఏ రోగమైనా రెండు గంటల్లో కుదురుతుంది మరి. సంఘంలో సినిమాల బీరువా చూసే పెద్దాయన్ని, లేవని మనిషిది ఏమైనా ఉందా అని అడిగింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని, అందరూ విశ్వాసం బలపడేవి అడుగుతారు, నువ్వేంటమ్మా ఇలా అడుగుతావు అన్నాడు. ఆడపడుచు పెన్‌డ్రైవ్ నిండా తెచ్చిచ్చి, ఇవి చూస్తే రాయైనా కరుగుతుంది వదినా అంది. ఆమెకు కరగడానికి కూడా ఓపిక లేదు.

ఒకసారి చివరి పది నిమిషాల్లో సమాధి కనిపించింది. భక్తి సినిమాలో సమాధిని చూసి అంత సంబరపడ్డ మనిషి ఇంకొకరు ఉండరు. తీరా ఆదివారం పెడితే, పోయింది పక్కింటి నాస్తికుడు. రోగి సినిమా సగంలోనే లేచాడు. శవపెట్టెకు భుజం పట్టిందీ అతనే. అది చూసి భర్త పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ తర్వాత వారం లాండ్రీలో ఇద్దరు రాకపోవడంతో ఆమె ముగ్గురి పని చేసింది. ఆదివారం నాటికి చేతులు లేవడం లేదు. ఏదైతే అదవుతుందని, చివర చూడకుండానే పెన్‌డ్రైవ్‌లో చేతికొచ్చిన సినిమా పెట్టి మంచం పక్కన కుర్చీలో కూలబడింది. మొదటి పాట అవుతుండగానే కన్ను మూతబడింది.

మెలకువ వచ్చేసరికి టీవీ కట్టేసి ఉంది. గడియారం చూసింది. ఆయన్ని తిప్పాల్సిన వేళ ఎప్పుడో దాటింది. లేచి చూస్తే, మంచం కమ్మీ రెండు చేతులా పట్టుకుని ఆయనే సగం ఒరిగి ఉన్నాడు.

"నన్ను లేపొచ్చు కదండీ" అంది ఆయన కాళ్ళు సర్దుతూ. తర్వాత మాట అడగాలంటే భయమేసింది, అయినా అడిగింది. "అతను లేచాడా?"

"ఏమో. నువ్వు గురక పెట్టగానే కట్టేశా, టీవీ గోలకి లేస్తావని." ఆయన పైకప్పు మూలకేసి చూశాడు. "దీన్ని కాస్త పడుకోనివ్వు అని అడిగా."

ఎవరిని అని ఆమె అడగలేదు.

"ఏడాదయింది కదా పైవాడితో మాటల్లేక, వింటాడో లేదో అనుకున్నా. రెండున్నర గంటలు పడుకున్నావు."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి దుప్పటి అంచు మెలిపెట్టింది.

"ముడత పడుతుంది, వదులు" అన్నాడాయన. "పోయి నడుం వాల్చు. ఇంకో గంట అడుగుతా."

ఆమె వెళ్ళి పడుకుంది.