ఫాదరంటే బాపు కాదు మామా

మా మేనమామ పోయాడని పోయిన మంగళవారం సిరొంచ నుంచి ఫోనొచ్చింది. చేసింది మా ఊరి బడి గురూజీ. "పెద్ద కళాకారుడు పోయిండమ్మా" అన్నాడు. మామ బతికున్నన్నాళ్లూ ఆయనకు 'సీడీల పిచ్చోడు' అని పేరు పెట్టి పిలిచింది ఈ పెద్దమనిషే. మా ఊళ్లో గౌరవం దక్కాలంటే ముందు చావాలి.

బస్టాండు దగ్గర రేకుల షెడ్డులో మామ వీడియో హాలు. ఒక టీవీ, ఒక సీడీ ప్లేయరు, నాలుగు చాపలు. ఇంగ్లిషు సినిమా వేస్తే టీవీ పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పేవాడు. ఏడో తరగతి దాటని మనిషికి ఇంగ్లిషెక్కడిది? మొహాలు చూసి చెప్పేవాడు. "మాట అబద్ధం చెప్తది బిడ్డా, మొఖానికి చేతగాదు" అనేవాడు. చెవి మీది బీడీని తీసి, చూసి, మళ్లీ అక్కడే పెట్టుకునేవాడు. కాల్చగా నేనెన్నడూ చూడలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం వేసిన సినిమా మీరు చూసి ఉండరు. ఎవరూ చూడలేదు. సీడీకి అట్ట కూడా లేదు, పేరు నాకిప్పటికీ తెలియదు. కాథలిక్ చర్చి వాళ్ల హాస్టలు బడిలో ఒక పిల్లవాడు తాళమేసిన గదిలో ఏదో చూస్తాడు. నువ్వేమీ చూడలేదు, నీకే మతి చెడిందని అందరూ నెమ్మదిగా, ప్రేమగా నమ్మిస్తారు. నెత్తురు చుక్క కనపడదు. భయమంతా ఆ ప్రేమతోనే.

ఫాదర్, సిస్టర్, మదర్ అని వినపడగానే మామకు పండగైంది. ఆ మూడు మాటలూ ఆయనకొచ్చు. "గాయిన పోరగాని బాపు. గామె అక్క. గా ముసలామె అవ్వ" అన్నాడు.

"సొంత బాపును జూసి గంత వణుకుడేంది?" అని ఒకడు.

"గిందరు పోరలకు ఒక్కడే బాపా?" అని ఇంకొకడు.

హాలంతా పడి పడి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది గురూజీ. ఆయనకు అసలు అర్థం తెలుసు. తెలిసీ చెప్పలేదు, చదువుకున్నవాడు కదా మరి.

నవ్వనిది నేనొక్కదాన్నే. నాకప్పుడు పదకొండేళ్లు, నది అవతల అట్లాంటి హాస్టల్లోనే చదువు. ఏడ్చానని ఒక సిస్టరు నన్ను బియ్యం గదిలో పెట్టి తాళమేసింది. తర్వాత అడిగితే అట్లాంటిదేమీ జరగలేదు, కలగన్నావు పొమ్మంది. సెలవులకొచ్చి మా నాన్నకు చెప్పాను. "తెల్లబట్టలేసుకున్నోళ్లు అబద్ధం చెప్తరా?" అన్నాడు. మా నాన్న మనుషులను ఉతుకు చూసి నమ్మేవాడు. ఆ ఆదివారంతో సెలవులు అయిపోయాయి, మర్నాడు పొద్దున నన్ను మళ్లీ పడవెక్కించాలి. నిజంగా కలేనేమోనని నాకే అనుమానం మొదలైంది.

జనం పోయాక మెల్లగా అన్నాను, "ఫాదరంటే బాపు కాదు మామా. గాయిన హాస్టలాయిన. పోరలు అట్ల పిలువాలె, గంతే."

మామ నవ్వలేదు, నామోషీ పడలేదు. సీడీ మళ్లీ మొదటినుంచి పెట్టి నోరు మూసుకుని చూశాడు. సగంలో ఆపి నా వైపు తిరిగాడు.

"బాపు కానోన్ని బాపు అనుమంటే, ఇగ పోరలు ఎవలికి చెప్పుకోవాలె?" అన్నాడు. జరసేపు నా మొహం చూశాడు. "నీకేమయింది బిడ్డా?"

అంతా చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నువ్వు జూసినవు. జూసినవంటే జూసినట్టే" అన్నాడు. నాకు మతి సరిగానే ఉందని ఆ క్షణాన తెలిసింది. ఆ ధైర్యంతోనే ఇవాల్టికీ బతుకుతున్నాను.

పొద్దున రేవులో మా నాన్న నా ట్రంకుపెట్టె పడవలో పెట్టించాడు. మామ మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి దాన్ని బయటికి లాగాడు.

"పిల్ల పోదు బావా."

"నీకేం తెలుసురా సదువు సంగతి?" అని మా నాన్న అరిచాడు. పడవలో కూర్చున్నవాళ్లు సినిమా అయిపోలేదనుకున్నారేమో, ఇకిలించారు. మామ పెట్టె నెత్తిన పెట్టుకుని, తడిసిన లుంగీ కాళ్లకు చుట్టుకుంటుంటే, ఇసుకలో ఒడ్డు ఎక్కుతూ పోయాడు. నేను పరుగెత్తి ఆ తడి అడుగుల్లో అడుగులేసుకుంటూ వెంట నడిచాను.