గువ్వల తుపాకికి పెళ్ళిచూపులు

మా వైపు గువ్వల వేట ఎప్పుడు మొదలవుతుందో ఏ క్యాలెండరూ చెప్పదు. రాగి కోసి కుప్పవేశాక చేను గొరిగిన తలలా మిగులుతుంది. రాలిన గింజల కోసం గువ్వలు దిగుతాయి. ఆ రోజే మొదలు. గువ్వను కొట్టడం నేరం, లైసెన్సు లేని తుపాకి పట్టుకోవడం ఇంకో నేరం. ఈ రెండూ మాకు తెలియవని అబద్ధం చెప్పను. తెలిసే చేసేవాళ్ళం.

చిన్న పిట్ట కదా, దాన్ని కొట్టడం సులువని చూడనివాళ్ళు అనుకుంటారు. రవ్వలు, అంటే తుపాకిలో వేసే సన్న సీసపు గుండ్లు, తగిలిన గువ్వ వెంటనే చావదు. ఒక రెక్క మీద గుండ్రంగా తిరుగుతుంది. ముక్కులోంచి నెత్తురు బుడగలు వస్తాయి. పరుగెత్తి పట్టుకుని, తలను రెండు వేళ్ళ మధ్య ఇరికించి ఒక్క విదిలింపు విదిలిస్తే తల చేతిలో, ఒళ్ళు నేల మీద. మా బావ ఆ పనిని బీడీ బూడిద రాల్చినంత తేలిగ్గా చేసేవాడు. సాయంత్రం గువ్వల పులుసులో రాగి ముద్ద అద్దుకుని మింగబోతుంటే ఎవరి పళ్ళ కిందో రవ్వ కటుక్కుమనేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళం.

బావ అంటే మా అక్క మొగుడు. కెలవరపల్లి దగ్గర ఆయనకు ఓ మేకల మంద, ఓ రాగి చేను, ఒకే ఒక కన్ను. ఎడమది వయసులో ఉండగా ఎద్దులు విడిచే పందెంలో పోయింది. కొమ్ములకు కట్టిన పట్టీ లాక్కుందామని గుంపులోంచి దూకాడు. పట్టీ ఎద్దు దగ్గరే ఉంది, కన్ను కూడా దాని దగ్గరే ఉండిపోయింది. "గురి చూసేదానికి అందరూ ఒక కన్ను మూస్తారు. నీకు ఆ కష్టం లేదు బావా, ఎద్దే మూసి పంపింది" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన చేతికి దొరికిందేదో నా మీదికి విసిరేవాడు. ఒంటి కన్నుతోనే అయినా, ఏనాడూ గురి తప్పలేదు.

ఆ ఏడు ఆ మిగిలిన కంట్లో ఒత్తిడి పెరిగింది. పూట తప్పకుండా చుక్కల మందు వేయాలని, లేకపోతే చూపు మెల్లగా ఆరిపోతుందని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అదే ఏడు బావ పాత తుపాకి తుప్పుపట్టి పనికిరాకుండా పోయింది. బయట గువ్వలు దిగాయి. ఇంట్లో యుద్ధం మొదలైంది.

"ఉండేది ఒక కన్ను. కొత్త తుపాకి వెనక్కి తన్నిందంటే అదీ పాయె. నేను కట్టె పట్టి నిన్ను నడిపించాలనా?" అంది అక్క.

"గుడ్డోన్నయితే నీ మొకం చూసే పని తప్పతాది" అన్నాడు బావ.

ముద్ద కెలికే కట్టె గాల్లోకి లేచి ఆయన వీపు మీద దిగింది. ఆ మోత నాకు వాకిట్లోకి వినిపించింది.

చివరికి రాజీ కుదిరింది. తుపాకిని నేను ఎంచాలి. ఏడో తరగతితో బడికి దండం పెట్టి హోసూరులో వెల్డింగు పట్టుకున్నవాణ్ణి, కాబట్టి ఇనుము సంగతి నాకు తెలుస్తుందని అక్క నమ్మకం. చుక్కల మందు సీసా నా జేబులో పెట్టింది. "మధ్యానం మందు నువ్వే పోయాల. ఆయప్ప కన్ను బాగుంటేనే ఇద్దరూ ఇంటికి రండి. లేకుంటే ఆడనే ఉండిపోండి."

బర్గూరు అవతల నాటు తుపాకులు చేసే ముసలాయన ఒకడున్నాడు. ఆయన ఇంటి వెనక రాళ్ళ క్వారీ. మధ్యాహ్నం పూట క్వారీలో తూటాలు పేలుస్తారు. ఆ మోతలో తుపాకి మోత కలిసిపోతుంది కనక ఆయన బేరాలన్నీ ఆ వేళకే.

గడ్డివాము కిందినుంచి రెండు తుపాకులు లాగి మంచం మీద పడుకోబెట్టాడు. ఒకటి పొడుగుది, నున్నటి చెక్క, ఇత్తడి పట్టీలు. రెండోది పొట్టిది, మందపాటి గొట్టం, అతుకుల చెక్క.

"పెండ్లిచూపుల మాదిరి ఉండాదే. పాట పాడమను తాతా" అన్నాను.

"పాడతాదప్పా. ఒకటే పాట. దగ్గర నిలబడి విన్నోడు మళ్ళా పాడమనడు" అన్నాడు ముసలాయన.

బావ అప్పటికే పొడుగుదాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నాడు. నేను దాని మూతిలో వేలు పెట్టి చూశాను. అంచు రేకులా పలచగా ఉంది. "ఇది నీళ్ళ పైపు బావా. దీంట్లో నీళ్ళు పోసినా చీలతాది."

"ఆ పొట్టిదాన్ని ఎవడు చేసుకుంటాడు రా? దాని మొకం చూసినావా?"

"అక్క నీ మొకం చూసే చేసుకున్యాది కదా?"

నా డొక్కలో ఒక గుద్దు పడింది. పొట్టిదే ఖాయమైంది.

"పేల్చి చూసుకో. మందు నువ్వే పోసుకో, నీ కొలత నీకు తెలుస్తాది" అని బావకు చెప్పి ముసలాయన లోపలికి వెళ్ళాడు. బావ గొట్టంలో మందు పోసి, రవ్వలు వేసి, కూరి, తుపాకిని గోడకు ఆనించాడు. పక్క చేలో గువ్వలు ఎంత దూరంలో ఉన్నాయో చూసొస్తానని గట్టు మీదికి నడిచాడు. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"మందు పోసినావా?"

"ఇంకా పోయలేదక్కా. ఇదో, ఇప్పుడే పోస్తా."

మాకు కంట్లో పోసేదీ మందే, తుపాకిలో పోసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రం గ్లాసులో పోసుకునేదీ మందే. గుమ్మం దాటి బయటికొస్తున్న ముసలాయన చెవిలో 'ఇంకా పోయలేదు' అన్న ముక్క పడింది. నేను సీసా తీసుకుని గట్టు మీదికి వెళ్ళాను. బావ తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేశాను. "మందు పోసినావా, మిరపకారమా రా?" అని ఆయన గంతులేశాడు. నా వెనక, గోడ దగ్గర, ముసలాయన అదే తుపాకిలో ఇంకో కొలత మందు పోశాడు. ఆ సంగతి ఆయనే తర్వాత ఏడుస్తూ చెప్పాడు.

క్వారీలో ఈల మోగింది. ముసలాయన తుపాకి తెచ్చి బావ చేతికిచ్చాడు. చేలో గువ్వలు మందగా గింజలేరుకుంటున్నాయి. బావ తుపాకి కుడి భుజానికి ఆనించాడు. కంట్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. క్వారీ పేలింది. ఆ మోత దాటితే మళ్ళీ రేపే. కన్ను మండి, ముఖాన్ని ఎడమ భుజానికి రుద్దుకుంటూనే బావ మీట నొక్కాడు.

గొట్టం అరటిపండు తొక్కలా విచ్చుకుంది. వెనక బిగించిన మర ఊడి, బావ కన్ను ఉండాల్సిన చోటుమీదుగా దూసుకుపోయి, కుడి చెవి పైభాగాన్ని కోసుకుంటూ ముసలాయన తలుపులో దిగింది. గొట్టం కింద పట్టుకున్న ఎడమ చేతికి చిటికెన వేలూ, దాని పక్క వేలూ తెగిపోయాయి. ఒకటి తోలుకు వేలాడుతోంది. రెండోదాన్ని ముసలాయన కోడి ముక్కున కరుచుకుని పరుగెత్తింది. నెత్తురు నా చొక్కా మీదా, నోట్లో కూడా పడింది. గువ్వలన్నీ లేచిపోయాయి. ఒక్కటి మాత్రం రెక్క మీద గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. దాని తల విదిలించేవాడు లేడు.

చేతికి తువ్వాలు చుట్టి, పంచెతో ఆయన్ని నా నడుముకు కట్టుకుని, బండి మీద కృష్ణగిరికి తోలాను. ముఖమంతా మసి, నెత్తురు. కన్ను తెరుచుకోవడం లేదు.

"రేయ్, కన్ను ఉండాదా?"

"ఉండాది బావా."

"చూసి చెప్పు."

"బండి తోలతా ఎట్ల చూసేది? నాకు వీపులో కండ్లు లేవు."

"నాకు మొకంలోనే లేదేమో రా" అన్నాడు. నేను బండి వేగం పెంచాను.

ఆసుపత్రిలో టపాకాయ పేలిందని చెప్పాను. "ఏ పండగకి?" అని అడిగాడు డాక్టరు.

ముసలాయన మళ్ళీ తుపాకి చేయలేదని విన్నాను. తుపాకులు అప్పగించమని పోలీసులు ఊళ్ళో మైకులో చెప్పినప్పుడు పొడుగుదాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు ఆనించి వచ్చేశాడట. అప్పగించడానికి పొట్టిది మిగల్లేదు.

ఆ రోజు ఆసుపత్రికి అక్క వచ్చేసరికి, వేలాడే వేలును తీసేసి చేతికి కట్టు కట్టి, బావ కన్ను కడిగి తెరిపించారు. ఎర్రగా, ఉడికిన పండులా ఉంది. అక్క ఏడవలేదు. నా చెంప మీద ఒకటి కొట్టి, మంచం దగ్గరికి వెళ్ళి బావ ముఖం ముందు చెయ్యి పెట్టింది. బొటన వేలు మడిచి, చిటికెన వేలు మడిచి, మధ్య మూడూ నిలబెట్టింది.

"ఎన్ని వేళ్ళు?"

బావ ఆ చేతిని చూశాడు. తర్వాత కట్టు కట్టిన తన ఎడమ చెయ్యి పైకెత్తి దాన్నీ చూశాడు.

"నాకు మిగిలినన్ని" అన్నాడు.