అత్త కూర్చునే తీరు

మొన్న మోకాళ్ల నొప్పి చూపించుకోవడానికి బోధన్ నుంచి నిజామాబాద్ వెళ్లాను. డాక్టరు చిన్నవాడు. నా ముఖం చూడకుండా కంప్యూటర్‌లో ఏదో టైపు కొట్టుకుంటూనే "ఎప్పటినుంచి నొప్పి?" అన్నాడు. చెప్పాను. మందులు రాశాడు. మంచివే అయి ఉంటాయి. కానీ బస్సెక్కి కూర్చున్నాక, వేసుకోవాలా వద్దా అని మనసు ఊగిసలాడుతుంటే మా అత్త గుర్తొచ్చింది.

మా అత్త బీడీలు చుట్టేది. పొద్దున్నే చాయ తాగి, బాసింపట్టు వేసుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుందంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేవడం. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. వేళ్లు వాటి పని అవి చేసుకుంటుంటే నోరు వాడకట్టు సంగతులన్నీ చెప్పేది. ఆమె కొంగుకు పట్టిన తంబాకు ఘాటుకు కొత్తవాళ్లు తుమ్మేవారు, నా పిల్లలు మాత్రం ఆ కొంగులోనే నిద్రపోయేవారు. షుగర్ ఉందని తెలిసిననాడు కూడా ఆమె నవ్వింది. "చెరుకు తోటల నడుమ పుట్టిన, నాకు షుగర్ రాక ఇంకేమొస్తదే!" అంది. కొన్నాళ్లకు చెరుకు కోతలప్పుడు ఎడమ చీలమండ మీద పుండు లేచింది. ఇక నవ్వడానికి లేకపోయింది.

మొదట చూపించిన డాక్టరు మందులిచ్చి, నడవొద్దు, కూర్చునే ఉండాలి అన్నాడు. అత్త ఆ మాట జవదాటలేదు. మంచినీళ్లకు కూడా లేవకుండా పొద్దంతా కూర్చుని బీడీలు చుట్టింది. పుండు ఇంకా లోతైంది. మందులు సరిగ్గా వేయడం లేదని ఆయన నా మీద కోప్పడ్డాడు. "గాయన మందులల్లనే దమ్ము లేదు" అని అత్త. ఇట్లాగే ఉంటే కాలు తీసేయాలని ఆయన అన్న రోజు ఆమె మందులన్నీ పక్కన పెట్టేసింది.

"ఇగ ఏ దవాఖానకు రాను. కాలుతోటే పోత" అని గోడవైపు తిరిగి పడుకుంది.

"నువ్వు పోతనంటే నేను పోనియ్యాలె గదా! లే అత్తా" అన్నాను. వాకిట్లోకి ఆటో పిలిచి, నేనూ పక్కింటి అక్కా చెరో రెక్క పట్టుకుని ఎక్కించాం. నిజామాబాద్ దాకా ఇద్దర్నీ తిడుతూనే ఉంది.

అక్కడ ఇంకో డాక్టరు, జుట్టు నెరిసినాయన. పుండు చూశాడు, పాత చీటీ చూశాడు. తర్వాత, "అవ్వా, పొద్దంతా ఏం జేస్తవ్?" అని అడిగాడు.

"ఏం జేస్త, బీడీలు జేస్త."

"ఎట్ల కూసుంటవ్? జర కూసోని సూపియ్యి."

ఇదేం వైద్యం అన్నట్టు అత్త నా వైపు చూసింది. అయినా నేల మీద బాసింపట్టు వేసి, చాటకు బదులు నా చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. ఆయన కుర్చీ దిగి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు. చీలమండకూ బండకూ మధ్య వేలు పెట్టి చూశాడు. వేలు దూరలేదు. పుండు సరిగ్గా అక్కడే నలుగుతోంది.

"మందుల తప్పు లేదు, నీ తప్పు లేదు. నడవొద్దన్నరు గని, గిట్ల కూసోవద్దని నీకెవ్వలు చెప్పలే."

"మరి కాలు తీస్తవా?"

"తీయకుండ సూస్త. మాటయితే ఇయ్యలేను అవ్వా, పుండు లోతున్నది. నువ్వు గట్టిగుంటే నేను గట్టిగుంట."

అత్త కాసేపు ఆయన ముఖంలోకే చూసింది. "బీడీలు మాననంటే?"

"మానకు. మంచం మీద కాళ్లు చాపుకోని చుట్టు."

ఆయన రాసిన మందులు చాలావరకు పాతవే. ఆ సంగతి నేను అత్తకు చెప్పలేదు. ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకుంది. మంచం మీద చేయి కుదరక బీడీలు వదులయ్యేవి, వాటిని ఏరి పక్కన పారేసినప్పుడల్లా ఆ మంచాన్ని తిట్టేది. అయినా మళ్లీ నేల మీద కూర్చోలేదు. వానలు పడ్డాక పుండు మూసుకుంది.

ఆ డాక్టరు నేల మీద కూర్చున్నది చాయ చల్లారేంతసేపు కూడా కాదు. అత్త మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లు తన రెండు కాళ్ల మీదే నడిచింది.