అలికిన ఇంట్లో కుక్కపిల్ల

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మోటారుకు ఆ రోజు మూడు గంటలు పట్టింది. ఇంజనులో నీళ్లు పోయడానికి ఒకసారి ఆగాం, గొర్రెల మంద అడ్డం వచ్చి ఇంకోసారి ఆగాం. ఆ మూడు గంటలూ కుక్కపిల్ల నా ఒడిలో, గోనెపట్టా వేసిన వెదురు బుట్టలో కూర్చుంది. దిగాక పట్టా తడిమి చూశాను. పొడిగా ఉంది. కంకరరోడ్డు పక్కన దింపి కాసేపు నిలబెట్టాను. నేల వాసన చూసి ఊరుకుంది. బుద్ధిగల జంతువు అనుకున్నాను. పావుగంట తర్వాత, అవ్వ ఆ పొద్దున్నే అలికి ముగ్గు పెట్టిన నేల మీద, వాకిలి కడప దాటిన నాలుగో అడుగులో రెండు పనులూ ఒకేసారి కానిచ్చింది.

అవ్వ అంటే నాకు అర్ర అద్దెకిచ్చిన ఇంటామె. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ముందు వసారా లాంటి సాయబాను, లోపల ఒక నడిమింటి అర్ర, దానికి ఎడమ వైపు ఆమె దేవుని అర్ర, కుడి వైపు నాది, వెనక పెరడు. నా అర్రకు వేరే వాకిలి లేదు. నేను బయటికి పోవాలన్నా లోపలికి రావాలన్నా నడిమింటి మీదుగానే. నేనైతే కాళ్లు కడుక్కుని వచ్చేవాణ్ణి.

యూరపులో యుద్ధం మొదలైన మరుసటి ఏడు అది. ఓవర్సీరు పరీక్ష పాసై, కాలువల దఫ్తరులో సబ్ ఓవర్సీరుగా ఎల్లారెడ్డికి వచ్చి ఎనిమిది నెలలయింది. నిజాం ఇలాకాలో దఫ్తర్లకు శుక్రవారం సెలవు కనుక, బేస్తవారం సాయంత్రం కామారెడ్డి పోయి మేనమామ ఇంట్లో పడుకుని, మర్నాడు తిరిగి వస్తూ ఉండేవాణ్ణి. మామ రైలు స్టేషనులో గూడ్సు గుమాస్తా. ఆ రోజు ఆయన రెండు సంగతులు ఎత్తాడు. ఒకటి, నాకు చూసిన పెళ్లి సంబంధం. రెండు, తన బర్రెల కొట్టంలో ఈనిన కుక్క పిల్లల్లో మిగిలిన చివరిది. రెంటినీ కాదంటే మర్యాద కాదు. చిన్నదాన్ని ఒప్పుకున్నాను.

ఆ మొదటి శుక్రవారం అవ్వ చీపురుతో తీసింది, పేడనీళ్లు కలిపి ఆ మేర మళ్లీ అలికింది, బావి దగ్గరికి పోయి రెండోసారి నెత్తిన నీళ్లు పోసుకుంది. శుక్రవారం ఆమెకు ఒక్కపొద్దు. ఇల్లంతా అలికి, తలంటుకుని, లక్ష్మికి దీపం పెట్టి, చీకటి పడే దాకా ముద్ద ముట్టదు. మైల తగిలితే స్నానం మళ్లీ మొదటి నుంచి. చేద బావి, లోతు ఎక్కువ, ఆమెకు అరవై దాటాయి. తడిచీరతో వచ్చి నా గుమ్మం ముందు ఒక్క క్షణం నిలబడి లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

దఫ్తరులో నాకు నేర్పిన పద్ధతి ఒకటే. ఏది పాడైనా ముందు కొలవాలి, రాయాలి, తర్వాతే చేయి పెట్టాలి. కాలువ గట్టు ఎక్కడ కారుతోందో రాసుకునే పుస్తకం లాంటిదే ఒకటి తీసి గీతలు కొట్టాను. సమయం, స్థలం, తిన్నాక ఎంతసేపు, రకం, చివర విశేషాలు. నేను దఫ్తరుకు పోయినప్పటి లెక్క అవ్వ చెప్పాలి. ఆమె గడియారం చూడదు. ఎసరు మరిగినప్పుడు ఒకటి, ఎదురింటామె చారెడు ఉప్పు కోసం వచ్చినప్పుడు ఒకటి, అని చెప్పేది. ఎదురింటామె ఎన్నింటికి వచ్చిందో వాళ్లింటికి పోయి అడిగాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసి, దానికి సమాధానం చెప్పకుండా, మా ఊళ్లో పిల్లనెవరన్నా చూడాల్నా అని అడిగింది.

వైద్యాలు కూడా వరుసగా చేశాను, ఒక్కోదానికి రెండు రోజుల చొప్పున. ముక్కు పట్టి తడికి ఆనించడం అవ్వ చెప్పిన వైద్యం. దాని వల్ల కుక్కపిల్ల తుమ్మడం నేర్చుకుంది. మూలల్లో పాత ఉర్దూ అఖ్బారు కాగితాలు పరిచాను. చింపి, ముక్కలు నడిమింట్లోకి తెచ్చి పెట్టింది. తిన్న పది నిమిషాలకు ఇంటి ముందు మొరం కంకర పోసిన జాగాలో నిలబెట్టి, నేనూ నిలబడ్డాను. ఒకనాడు యాభై నిమిషాలు నిలబడ్డాను. ఎండ నెత్తికెక్కింది. అది మొరం మీద కూర్చుంది, లేచింది, నా చెప్పు కొరికింది, చీమను చూసింది. ఇక లేదులే అని లోపలికి తెచ్చి దింపిన మరుక్షణం కడప పక్కన, అంతకు ముందు రోజు చేసిన చోటే, వేలెడంత కూడా తేడా లేకుండా చేసింది. చోట్లు మొత్తం నాలుగే. వడ్ల గుమ్మి పక్క, కడప లోపల, నా మంచం కోడు దగ్గర, దేవుని అర్ర తలుపు ముందు. అన్నిటికన్నా అన్యాయమైనది ఆ చివరిదే.

బుధవారం నాడు నా పనికే ఎసరు పెట్టింది. దఫ్తరులో చోటు చాలక కాలువల నక్షాలు, ఆ పెద్ద పటాలు, ఇంట్లో నేల మీద చాప వేసి గీసేవాణ్ణి. ట్రేసింగు గుడ్డ అంటే గంజి పట్టించి నునుపు చేసిన పల్చటి బట్ట. నీరు తగిలితే గంజి కరిగి ఆ మేర మామూలు గుడ్డపేలిక అవుతుంది, దాని మీద ఇక సిరా నిలవదు. కుక్కపిల్ల మంచం కోడు దగ్గర పని ముగించుకుని, తడి కాళ్లతో, కాలువ రెండో మైలు నుంచి మూడో మైలు దాకా నడిచింది. ఎక్కడా తొందరపడలేదు. ఆ షీటు తిరిగి గీయడానికి మూడు సాయంత్రాలు పట్టింది. పై అధికారి ఆలస్యం ఎందుకని అడిగితే, ఎలుకలు అన్నాను.

పుస్తకంలో ఒక సంగతి మాత్రం తేటగా కనిపించింది. మామూలు రోజుల్లో మూడు, నాలుగు. రెండో శుక్రవారం ఏడు. దానికి కారణం కూడా నేనే తేల్చాను. కుక్కపిల్ల వచ్చాక కామారెడ్డి పోవడం మానాను, శుక్రవారమంతా ఇంట్లోనే ఉంటాను, కాబట్టి అన్నీ నా కంట పడతాయి, మిగతా రోజుల్లో అవ్వ కొన్ని చూడదు. చదువుకున్నవాడు చేయగల తప్పు ఇది. లెక్క సరిగానే ఉంది, చూడాల్సిన చోట చూడలేదు.

ఆ రెండో శుక్రవారమే అవ్వ మూడుసార్లు బావి దగ్గరికి పోయింది. మూడోసారి వచ్చేటప్పటికి పెదవులు నల్లబడి వణుకుతున్నాయి. వాన పడి ఈదురుగాలి కొడుతోంది. సాయబానులో కూర్చుని కొంగు పిండుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మల్ల శుక్కురారం అలికినంక గా నేల మీద ఒక్క చుక్క పడ్డదా, అదన్న పోవాలె, నువ్వన్న పోవాలె బిడ్డా. ఇద్దరు పోయినా నాకు సంతోషమే."

ఎల్లారెడ్డిలో పెళ్లికాని వాడికి అర్ర ఇచ్చే ఇల్లు ఇంకోటి లేదు. వచ్చిన మొదటి నెలంతా వెతికి చూసినవాణ్ణి. కుక్కపిల్లను తీసుకుపోవడానికి నాగిరెడ్డిపేట వైపు గొల్లాయన ఒకడు తయారుగా ఉన్నాడు. చెరువు కింద గొర్రెలు మేపుతాడు, వచ్చే శుక్రవారం సాయంత్రం వస్తానన్నాడు. ఇచ్చేస్తే సరిపోయేది. ఇవ్వబుద్ధి కాలేదు. మామ అడిగితే ఏం చెప్పాలన్నది ఒకటి. మైళ్ల పొడుగు నీటిని వాలు చూపి నడిపించేవాణ్ణి, జానెడు జంతువును ఆరు గజాల అవతలి పెరట్లోకి నడిపించలేకపోవడం ఇంకొకటి. నేను గీస్తున్నప్పుడు అది నా పాదం మీద గడ్డం పెట్టి పడుకునేది. అది కూడా ఉంది.

మంగళవారం నా అర్రలో కిటికీ కింద అవ్వ ఒక ఎలుక బొక్క పూడ్చింది. గాజుపెంకులు కూరి, మట్టీ పేడా కలిపి మెత్తి, చేత్తో సాపు చేసి పోయింది. కిటికీ కింద కుక్కపిల్ల అంతవరకు ఒక్కసారి కూడా పాడు చేయలేదు. పుస్తకంలో ఆ చోటే లేదు. నేను కూర్చుని చూస్తుండగానే పిల్ల మంచం కింది నుంచి లేచి, తిన్నగా అక్కడికి పోయి, ఆ పచ్చి మెత్తు చుట్టూ రెండుసార్లు తిరిగి కూర్చుంది.

నేను అరవలేదు. పుస్తకం తీసి మొదటి పుట నుంచి చూశాను. పాడు చేసిన ప్రతి చోటా అవ్వ పేడతో అలికింది. అలికిన ప్రతి చోటా అది మళ్లీ చేసింది. శుక్రవారం ఇల్లంతా అలుకుతుంది. శుక్రవారం ఇల్లంతా చేసింది. అది పుట్టిందీ కళ్లు తెరిచిందీ మామ కొట్టంలో, పేడ మీద. పేడ వాసన తగిలితే అదే చోటు అని దానికి తల్లి నేర్పింది. మొరం మీద యాభై నిమిషాలు బిగబట్టింది మొండితనంతో కాదు. పాపం, మర్యాదతో. మేం దాని ముక్కు రాసి, తిట్టి, వెంటనే ఇక్కడే చేయమని వాసన పూసి మరీ చూపిస్తున్నాం.

ఈ సంగతి తెలియడం ఒక ఎత్తు, అవ్వకు చెప్పడం ఇంకో ఎత్తు. ఆ నేల ఆమెకు శుద్ధి. అది కుక్కకు పాయకాన అని ఏ నోటితో చెప్పాలి? అయినా పుస్తకం పట్టుకుని పోయి, పొయ్యి ముందు కూర్చున్న ఆమెకు వరుసగా చదివి వినిపించాను. పెరట్లో ఒక మూల రోజూ పేడ మెత్తుదాం, ఇంట్లో మాత్రం వచ్చే శుక్రవారం పేడ లేకుండా ఎర్రమట్టితోనే అలుకుదాం అన్నాను. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది.

"పెండ లేని అలుకు అలుకైతదా?"

కాదని ఒప్పుకున్నాను.

"నేను కాపురానికొచ్చిన కాడికెళ్లి ఒక్క శుక్కురారం తప్పలే. మా ఆయన పోయిన ఏడు సుత అలికిన. గిప్పుడు కుక్క కోసం తప్పాల్నా?"

నీళ్లు చేదడం తప్పుతుందని మాత్రం అన్నాను. ఆమె లేచి బియ్యం కడగబోయింది. ఆ రెండు రోజులూ గొల్లాయన మాట తప్ప నాకు ఇంకోటి తోచలేదు. పెరటి మూల మటుకు నేనే మెత్తాను. ఓవర్సీరు చదువులో అది నేర్పలేదు. చేతులకు రెండు రోజులు వాసన పోలేదు.

శుక్రవారం తెల్లవారి లేచేసరికి అవ్వ దేవుని అర్ర పేడతో అలికి తలుపు బిగించేసింది. నడిమిల్లూ నా అర్రా ఎర్రమట్టితో మెరుస్తున్నాయి. ఎదురింటామె మా కడప దగ్గర నిలబడి ముక్కు మీద వేలేసుకుంది. కుక్క పుణ్యాన అవ్వ ఆచారం మారిందని, ఇక ముగ్గు కూడా అదే వేస్తుందేమోనని పైకే అంది. అవ్వ వినిపించుకోలేదు. తలంటుకుని, దీపం పెట్టి, వచ్చి సాయబానులో గోడకానుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చున్నాను. కుక్కపిల్ల జొన్న గటక తిన్నది. పది నిమిషాలు, పదిహేను. కడప పక్కకు పోయింది, వాసన చూసింది. గుమ్మి పక్కకు పోయింది. అవ్వ చేతిలో జపమాల ఆగిపోయింది. పిల్ల దేవుని అర్ర తలుపు సందులో ముక్కు పెట్టి, కాసేపు ఆలోచించి, మూలుగుతూ ఇల్లంతా తిరిగి, వెనక వాకిలి దాటి పెరట్లో మూలకు ఉరికింది. ఆ రోజు అవ్వ బావికి ఒక్కసారే పోయింది. సాయంత్రం గొల్లాయన వస్తే ఆమే గుమ్మంలో నిలబడి, చల్ల తాగించి, వట్టి చేతులతో పంపింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ తర్వాతి బుధవారానికి కుక్కపిల్లకు ముందు వాకిలి దాటడం వచ్చింది. మా మొరం జాగా తప్ప గల్లీలో ప్రతి ఇంటి ముందూ తెల్లవారకముందే పేడనీళ్లతో సాన్పి చల్లుతారు. ఇటు నాలుగిండ్లు, అటు అయిదిండ్లు, అన్నీ పచ్చగా, తడిగా, ముగ్గులతో. నేను పెరటి మూలను ఎంత బాగా నేర్పానో ఆ తొమ్మిది వాకిళ్లకూ అంత బాగానూ నేర్పినట్టయింది. బేస్తవారం పొద్దున ఎదురింటామె చీపురు చేతిలోనే పట్టుకుని వచ్చింది.

"వదినె, మీ కుక్క మా ముగ్గుల కూసున్నది. మల్లొకపారి కనవడ్డదా, గొల్లాయనకు నేనే పట్టిస్త."

నేను తప్పు ఒప్పుకోబోయాను. అవ్వ నా చేయి పట్టుకుని వెనక్కి లాగింది.

"నన్ను సుత పట్టియ్యి వదినె, గొర్లు కాస్త. నీ సాన్పి గంత మంచిగుంటే అదేం జేస్తది?"

ఆమె అటు తిరగగానే అవ్వ నా వైపు తిరిగి, దఫ్తరులో ఎవరూ ఇవ్వని గట్టి హుకుం ఇచ్చింది. ఇవాళ్టి నుంచి తెల్లవారగానే దాన్ని ఎత్తుకుని గల్లీ దాటించి ఊరవతల దింపాలి, అలుకు జోలికి పోని బుద్ధి వచ్చేదాకా. అట్లా రెండు నెలలు, ఖాకీ నిక్కరు తొడుక్కుని, తొమ్మిది వాకిళ్ల ముందు నుంచి, తన్నుకుంటూ నా గుండీలు కొరుకుతున్న కుక్కను ఎత్తుకుని పోయాను. ముగ్గులేసే ఆడవాళ్లు తలలెత్తి చూసేవారు, తహసీలు దఫ్తరు మున్షీ ఎదురైతే దండం పెట్టడానికి నాకు చేయి ఖాళీ ఉండేది కాదు. వెనక నుంచి అవ్వ, గల్లీ అంతా వినేటట్టు, దాని కాళ్లు కింద పెట్టనియ్యకు బిడ్డా, అని హెచ్చరిస్తూనే ఉండేది.